ఓర్తా కోసం గోవా: గైడ్‌కి పోసిన 1,800, నాన్న చెప్పిన కథ

పాత గోవా చర్చిల దగ్గర "నాకు అన్నీ తెలుసు సార్" అంటూ ఎదురొచ్చే గైడ్‌కి ముందే డబ్బులివ్వకండి. నాన్నా నేనూ 1,800 రూపాయలు ఇచ్చాం. పది రోజులైనా ఆ కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

గుంటూరు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్, మడగావ్‌లో దిగి పనాజీకి టాక్సీ 1,500. ఫాంటైన్యాస్ వీధుల్లో ఓ పాత ఇంట్లో గది, రోజుకు 2,400, శుభ్రంగా ఉంది. వీటి గురించి చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

మేం వెళ్లింది బీచ్‌కి కాదు. ముప్పై ఏళ్లు బోటనీ పాఠాలు చెప్పిన మా నాన్నకు గార్సియా ద ఓర్తా అంటే ప్రాణం. పోర్చుగల్ రాజు మూడో జువావుకు వైద్యుడిగా ఉండి, 1534లో ఓడెక్కి గోవా వచ్చేసిన మనిషి. ఇక్కడ గవర్నర్లకు, అహ్మద్‌నగర్ సుల్తాన్ బుర్హాన్ నిజాం షాకు మందులిచ్చాడు. మన మిరియాలు, యాలకులు, మామిడి, ఉమ్మెత్త, అన్నిటినీ కళ్లతో చూసి, ఇక్కడి వైద్యుల్ని అడిగి, 1563లో గోవాలోనే పుస్తకం అచ్చేయించాడు. ఇద్దరు వైద్యులు మాట్లాడుకున్నట్టు రాశాడు, అదీ లాటిన్‌లో కాదు, పోర్చుగీసులో. "డయోస్కొరిడీస్ పేరు, గాలెన్ పేరు చెప్పి నన్ను భయపెట్టకండి, నేను నిజం, నాకు తెలిసింది తప్ప చెప్పను" అని అందులో ఓ మాట ఉంది. వాళ్లిద్దరూ వైద్యానికి పెద్ద దిక్కనుకునే పాతకాలపు గ్రీకు వైద్యులు. నాన్న ఆ మాట క్లాసులో ప్రతి ఏడూ చెప్పేవారట.

గైడ్‌తో ముందే మాట్లాడుకున్నాం: ఓర్తా గురించి చెప్పాలి, రెండు గంటలు, 1,800. తీరా బామ్ జీసస్ బసిలికా మెట్ల దగ్గరకు రాగానే "ఆయన సమాధి లోపలే ఉంది, చూపిస్తా రండి" అన్నాడు. నాన్న అక్కడే ఆగిపోయారు.

"బాబూ, ఈ చర్చి కట్టడం మొదలుపెట్టింది 1594లో. ఆయన పోయింది 1568లో. 1580లో ఆయన ఎముకలు తవ్వి తీసి తగలబెట్టారు. ఏ సమాధి చూపిస్తావు?"

"అన్నీ మీకే తెలిస్తే నన్నెందుకు పిలిచారు?" అని గైడ్ విసుక్కున్నాడు. ఆ తర్వాత పావుగంట చర్చి ముందు ఫొటోలు తీయించి, మమ్మల్ని ఓ జీడిపప్పు కొట్టుకు తీసుకెళ్లాడు. కిలో 1,350 అన్నారు, కొనలేదు. అంతటితో టూర్ అయిపోయిందన్నాడు. సగం డబ్బులైనా వెనక్కి ఇమ్మంటే వినిపించుకోకుండా వెళ్లిపోయాడు. నాన్నకు డబ్బు పోయిన బాధ కాదు. అబద్ధం అంత తేలిగ్గా చెప్పాడని బాధ. అరగంట మాట్లాడలేదు.

తర్వాత సే కెథెడ్రల్ ముందు పచ్చికలో కూర్చుని ఆయనే చెప్పారు. ఓర్తా వాళ్లది స్పెయిన్ నుంచి తరిమేసిన యూదు కుటుంబం. పోర్చుగల్‌లో యూదులందర్నీ బలవంతంగా మతం మార్చారు. ఆ భయం ఎప్పుడూ వెంటే ఉంది. మతం మారినా లోలోపల పాత మతాన్నే పాటిస్తున్నారని అనుమానం వస్తే పట్టి శిక్షించే చర్చి విచారణ, ఇంక్విజిషన్, 1560లో గోవాకూ వచ్చింది. ఓర్తా బతికుండగా ఎవరూ ముట్టుకోలేదు. ఆయన పోయిన మరుసటి ఏడు చెల్లెలు కతరీనాను సజీవంగా కాల్చేశారు. ఆ విచారణ భవనం ఈ మైదానం పక్కనే ఉండేదట, ఇప్పుడు ఆనవాలు కూడా లేదు. చెబుతుంటే నాన్న గొంతు పట్టేసింది.

పనాజీ తిరిగొచ్చి బస్టాండ్ దగ్గర చిన్న హోటల్లో భోజనం చేశాం. నాకు చేపల తాలీ 220, నాన్నకు శాకాహారం 150. కోకం, కొబ్బరిపాలతో చేసిన సోల్ కఢీ మళ్లీ మళ్లీ వడ్డించారు, డబ్బులు అడగలేదు. పప్పులో ఇంగువ వాసన తగలగానే నాన్న ముఖం విప్పారింది.

"ఇంగువ గురించి ఓర్తా మన విజయనగరం కథ రాశాడమ్మా. ఓ పోర్చుగీసు ఆయన దగ్గర మంచి గుర్రం ఉంది, కానీ దానికి కడుపు ఉబ్బరం. రాజుగారు కొననన్నారు. ఆ పోర్చుగీసాయన ఇంగువ పెట్టి నయం చేశాడు. అది విని రాజుగారు, 'దేవతల ఆహారం పెట్టావు, తగ్గకేం చేస్తుంది' అన్నారట."

ఈ ట్రిప్‌లో నాకు నచ్చిన భోజనం అదొక్కటే.

మీరు వెళితే పనాజీ నుంచి పాత గోవాకు కదంబ బస్సు (గోవా ప్రభుత్వ బస్సు) ఎక్కండి, మాకు మనిషికి 20 అయింది. అక్కడి పురావస్తు శాఖ మ్యూజియం శుక్రవారం సెలవు. పనాజీ చర్చి స్క్వేర్ ఎదురుగా ఉన్న మునిసిపల్ పార్కుకు ఓర్తా పేరే పెట్టారు, టికెట్ లేదు. పేరు తప్ప ఆయన కథ చెప్పే బోర్డు మాత్రం మాకు కనబడలేదు. ఒక్క పలక పెడితే ఎంత బాగుండు.

ఆఖరి రోజు పొద్దున్నే అక్కడికే వెళ్లాం. పక్క బెంచీ మీది ఇద్దరు కాలేజీ పిల్లలు ఈ ఓర్తా ఎవరని అడిగారు. నాన్న వచ్చీరాని హిందీలో మొదలుపెట్టారు. టాక్సీ వాడు మూడుసార్లు హారన్ కొట్టినా లేవలేదు.