నల్లమల, సోమశిల, అలంపూర్: మనలాంటి స్త్రీల బృంద యాత్ర ఎలా ఉందంటే

మనిషికి తొమ్మిది వేల ఐదు వందల రూపాయలు. ఎల్బీ నగర్‌లో వ్యాను ఎక్కించుకుని మన్ననూర్, సోమశిల, అలంపూర్, పిల్లలమర్రి చూపించి మూడో రోజు రాత్రి మళ్లీ అక్కడే దింపుతారు. మామూలు ట్రావెల్స్ వారిని అడిగితే ఇదే తిరుగుడు ఆరేడు వేలలో ముగిస్తారు. పైన పెట్టిన ఆ రెండు మూడు వేలు దేనికి అన్నదే ఇక్కడ తేల్చవలసిన లెక్క. మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఖాతాలు రాసే మనిషిని, ఈ బుద్ధి ఎక్కడికి పోతుంది?

దీన్ని నడిపేది ఇద్దరు స్త్రీలు. లెస్బియన్ స్త్రీల కోసమే నడుపుతారు. సంస్థ పేరు రాయడం లేదు. తెలిసినవారి నోటిమాట మీదే మనుషులు రావాలని, పేరు నలుగురిలో పడితే అక్కర్లేని ఫోన్లు వస్తాయని వారే అంటారు. పైగా కింద నేను తప్పుపట్టేవి కొన్ని ఉన్నాయి.

డబ్బు తీసుకునే ముందు ఫోన్ చేసి మాట్లాడతారు. ఫోటోల్లో కనిపించడం ఇష్టమేనా? ఇంట్లో ఏమని చెప్పి వస్తున్నారు? దారిలో మీ ఇంటి నుంచి మాకు ఫోన్ వస్తే ఏమని చెప్పాలి? మీ ఇద్దరికీ ఒక మంచమా, రెండా? ఈ చివరి ప్రశ్నను టీలో చక్కెర ఎంత అని అడిగినంత మామూలుగా అడిగారు. నలభై దాటిన నన్ను ఇంతవరకు ఏ లాడ్జివారూ అలా అడగలేదు.

లాడ్జివారు అడిగేది ఒకటే: "అక్కాచెల్లెళ్లా మేడమ్?" నావీ నా సహచరివీ ఆధార్ కార్డుల్లో చిరునామా ఒకటే, ఇంటిపేర్లు వేరు. కౌంటర్‌లో కూర్చున్న కుర్రవాడు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని తనే కథ అల్లుకుంటాడు. ఒకామెకు పెళ్లయి ఇంటిపేరు మారింది, అత్తగారింట్లో పొసగలేదు, వచ్చి చెల్లెలి దగ్గర ఉంటోంది. ఆ జాలితో ఒకసారి మాకు కిటికీ ఉన్న గది కూడా దొరికింది. వయసు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఒకే గదిలో ఉండకూడదనే చట్టం ఏదీ లేదు. మనలాంటివారి సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ సంగతి సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చేసింది, అది నేరం కాదంది. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబర్‌లో ఇవ్వలేదు. చట్టం ఎలా ఉన్నా, రిజిస్టర్‌లో ‘సంబంధం’ అనే గడి దగ్గరకు రాగానే చేతిలోని పెన్ను ఆగుతుంది.

ఈ యాత్రలో ఆ గడి మన ముందుకే రాదు. గుర్తింపు కార్డుల నకళ్లు ముందే తెప్పించుకుని, బృందం మొత్తానికీ ఒకే జాబితా ఇచ్చి, తాళంచెవులన్నీ నిర్వాహకురాలే తెస్తుంది. మన్ననూర్‌లో మా గది తాళంచెవి వ్యానులోనే చేతికొచ్చింది. కౌంటర్ ఎటువైపు ఉందో కూడా నేను చూడలేదు. పైన కట్టిన డబ్బులో సగం నాకు అక్కడే చెల్లిపోయింది.

మిగతా సగంలో కొంత దారాలకు చెందుతుంది. వ్యాను ఎక్కగానే ఎరుపు, పసుపు దారాలు పంచారు. ఎర్ర దారం కట్టుకున్నవారిని ఎవరూ ఫోటో తీయకూడదు. మన జిల్లాల్లో మణికట్టుకు దారం లేని మనిషి ఎక్కడున్నారు? చూసేవారికి అది ఏ గుడిలోనో కట్టినదే. ఫోటోల విషయంలో ఇంతకంటే మంచి ఏర్పాటు నేనైతే ఎక్కడా చూడలేదు.

ఇంకొకటి, అచ్చు వేయించిన కార్యక్రమ పత్రం. పైన ‘మహిళల ఆలయ దర్శన యాత్ర’ అని ఉంటుంది. ఇంట్లో చూపించుకోవడానికి పనికొస్తుంది, పైగా అందులో ఒక్క అబద్ధమూ లేదు. కోదాడ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి జోగులాంబ ప్రసాదం తీసుకెళ్లకపోతే అమ్మ నమ్మదని మొదటి రోజు నుంచే సంచిలో చోటు ఉంచుకుంది. హైదరాబాద్ ఉద్యోగినులు ఇద్దరు మాత్రం ఇది దాక్కోవడమే అన్నారు. కల్వకుర్తి దాటేదాకా వ్యానులో ఆ వాదనే. వారికి జీతాలు పెద్దవి, అద్దె ఇల్లు వేరే ఉంది. మా వీధి చివర మా మేనత్త ఇల్లు ఉంది, ఆమె సాయంత్రమంతా అరుగు మీదే కూర్చుంటుంది. నేను ఆ కాగితం పక్షమే.

ఇక చూపించినవాటి సంగతి. మొదటి రోజు పాడయింది. అడవి దారిలో మన్ననూర్ చెక్‌పోస్టును రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరింటికి గాని తెరవరు. పులుల అభయారణ్యం కదా. అటువైపు వెళ్లేవారు తెల్లవారుజామునే బయలుదేరాలి. వీరు ఎల్బీ నగర్‌లో కదిలేసరికే ఎనిమిదిన్నర. ఆలస్యంగా వచ్చిన ఒకరి కోసం పదిమందికి పైగా ఎదురుచూశాం. దాంతో ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడి చూసే తీరికే లేకపోయింది. మల్లెల తీర్థం మెట్లు పరుగున దిగి పరుగున ఎక్కాం. ఆ జలపాతానికి వానాకాలం చివరలో వెళ్లాలి. మేము వెళ్లేసరికి నీరు సన్నబడింది. అయినా కింద రాళ్ల మధ్య చల్లదనం బాగుంది, ఇంకొక గంట ఉండనిచ్చి ఉంటే ఇంకా బాగుండేది.

ఆ రాత్రి మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరూ తమ కథ చెప్పాలన్నారు. నేను డబ్బు కట్టింది ఎవరికీ ఏమీ చెప్పుకోనవసరం లేని మూడు రోజుల కోసం. మొదటి అమ్మాయి రెండు మాటలకే ఏడ్చింది, రెండో అమ్మాయి ఆమెను చూసి ఏడ్చింది. అప్పుడు వనపర్తి నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ, అరవై దాటి ఉంటాయి, "మక్క కంకులు చల్లారిపోతున్నాయి తల్లీ, ముందు తినండి" అన్నారు. కథలు అక్కడితో ఆగిపోయాయి, తర్వాత అర్ధరాత్రి దాకా ఎవరికి వారు కావలసినవారితో మాట్లాడుకున్నారు. ఆ గుండ్రపు కూర్చోబెట్టడం తీసేయమని నిర్వాహకులకు నా సలహా. కంకులు మాత్రం ఉంచండి.

డ్రైవరు సంగతి కూడా చెప్పాలి. మహిళా డ్రైవరు ఉంటుందని చెప్పారు, వచ్చింది మగ మనిషి. ఆయన వల్ల ఇబ్బందేమీ లేదు, బండి నెమ్మదిగా నడిపాడు. చెప్పినది జరగలేదు కాబట్టి రాస్తున్నాను. కొల్లాపూర్‌లో టీ తాగుతుండగా ఆయన నా సహచరిని అడిగాడు: "మీ వారు ఏం చేస్తారమ్మా?"

"మిల్లులో లెక్కలు చూస్తారు."

"మంచివారేనా?"

"కోపం ఎక్కువ" అంది, నా వైపు తల కూడా తిప్పకుండా.

సోమశిలకే ఈ యాత్రలో పూర్తి మార్కులు. శ్రీశైలం జలాశయం వెనుక నీరు కొండల మధ్య అంత వెడల్పున పరుచుకుని ఉంటుందని ఫోటోలు చూసి ఊహించలేం. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. అటువైపు సంగమేశ్వరాలయం ఏడాదిలో చాలా నెలలు నీటిలోనే ఉండి, నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. మేము వెళ్లినప్పుడు నీరు నిండుగా ఉంది కాబట్టి గుడి కనబడలేదు. గుడి కావాలనుకునేవారు ఎండాకాలం వెళ్లాలి, నీరు కావాలనుకునేవారు చలికాలం వెళ్లాలి. వీరు పడవ మొత్తాన్నీ మా బృందానికే మాట్లాడారు, అది తెలివైన పని. నడిమధ్యకు వెళ్లాక నా సహచరి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పడవాయన చూసి, "అమ్మకు ఎండ తగిలినట్టుంది" అని తన నీళ్ల సీసా ఇచ్చాడు. ఒడ్డున వేయించి పెట్టిన చేప గురించి ఎంత రాసినా తక్కువే. కారం కొంచెం ఎక్కువ, నాకు సరిపోయింది.

రెండో రాత్రి బస ఈ యాత్రకు మచ్చ. జంటలకు విడి గది అని ఫోన్‌లో ఖాయం చేసి, మూడేసి మంచాల గదులు ఇచ్చారు. మాతో పాటు మూడో మంచం మీద పడుకున్న అమ్మాయి పాపం రాత్రంతా గోడ వైపు తిరిగే ఉంది. లాడ్జివారు చివరి నిమిషంలో మాట మార్చారన్నారు. కావచ్చు, కానీ కట్టిన డబ్బులో ముఖ్యమైన భాగమే ఆ గది. బాత్‌రూములో వేడినీళ్లు లేవు. అది ఎక్కడైనా జరిగేదే, లెక్కలోకి తీసుకోను.

అలంపూర్‌కు మూడు గంటలు ఇచ్చారు, రోజంతా ఇచ్చినా చాలదు. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవి, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. మన దక్షిణాదిలో గుడి అనగానే మెట్లుమెట్లుగా లేచే గోపురం గుర్తొస్తుంది. ఇక్కడ ఎక్కువ గుళ్లకు ఒడిశాలో కనిపించేలా వంపు తిరిగి పైకి లేచే ఉత్తరాది శిఖరాలు. పేరుకు బ్రహ్మలు, లోపల ఉన్నది శివలింగాలు. జోగులాంబ గుడి అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. పాతది పద్నాలుగో శతాబ్దంలో ధ్వంసమైతే ఇప్పుడున్నది 2005లో కట్టారు. నిర్వాహకురాలు ఇక్కడ ఒక మంచి పని చేసింది: అర్చన టికెట్ మీద ఇంటి యజమాని అంటూ ఎవరి పేరూ అడగకుండా, ఎన్ని పేర్లు రాయాలో ముందే పూజారితో మాట్లాడి పెట్టింది. మా ఇద్దరి పేర్లూ ఒకే టికెట్ మీద చదివి, ఆయన సహకుటుంబానాం అంటూ సంకల్పం ముగించాడు. నా సహచరి దక్షిణ కొంచెం ఎక్కువే వేసింది.

గద్వాల చీరల దుకాణం దగ్గర గంటన్నర ఆపారు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు విడిగా నేసి కలపడం దగ్గరగా చూస్తే ముచ్చటే. అయితే కొననివారికి అక్కడ కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు. ఆ గంటన్నర అలంపూర్‌కు ఇచ్చి ఉండవలసింది. పిల్లలమర్రిని చీకటి పడ్డాక చూశాం, అంటే చూడలేదు. మూడెకరాల్లో పరుచుకున్న మర్రిని టార్చిలైటుతో చూపించడం ఏమి న్యాయం?

తిరుగు దారిలో తర్వాతి యాత్రల జాబితా పంచారు. రంగు కాగితం మీద థాయ్‌లాండ్, శ్రీలంక, మాల్దీవులు, గ్రీసులోని లెస్బోస్ దీవి. చివర అమెరికావారి ఒలీవియా నౌకాయాత్ర. ఒలీవియా 1973లో స్త్రీల పాటల రికార్డుల సంస్థగా మొదలై, 1990 నుంచి ఓడ మొత్తాన్నీ స్త్రీల కోసమే అద్దెకు తీసుకుని నడుపుతోంది. ఓడే మనదైనప్పుడు అందులో కౌంటర్ బాధే ఉండదు, ఆలోచన నాకు నచ్చింది, ఖర్చు మా జీతాలకు అందదు. లెస్బోస్‌లోని ఎరెసోస్‌లో సెప్టెంబర్‌లో స్త్రీల ఉత్సవం జరుగుతుంది, అదీ దూరపు మాటే. థాయ్‌లాండ్ అర్థవంతమైన ఎంపిక. 2025 జనవరి 23 నుంచి అక్కడ ఇద్దరు స్త్రీల పెళ్లి చట్టబద్ధం.

కానీ శ్రీలంక, మాల్దీవులను అదే రంగుల్లో, అదే పెద్ద అక్షరాల్లో వేయడం నాకు మింగుడు పడలేదు. శ్రీలంక శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 365ఏ సెక్షన్ ఉంది, 1995లో సవరించి స్త్రీలకూ వర్తింపజేశారు. మాల్దీవుల్లోనూ చట్టం స్త్రీలను వదలదు. సముద్రం బాగుంటుంది, హోటలువారు మర్యాదగా చూస్తారు, అవన్నీ నిజమే కావచ్చు. ఇక్కడ ఫోన్‌లో మంచాల లెక్క కూడా అడిగిన సంస్థ, అక్కడి చట్టం గురించి ఒక్క వాక్యం అచ్చు వేయకపోవడం ఏమిటి? వ్యానులోనే అడిగాను. తర్వాతి అచ్చులో చేరుస్తామన్నారు. చేరుస్తారో లేదో చూస్తాను.

అంత దూరం ఎందుకు, మా ఉమ్మడి నల్లగొండ వైపునే సరిగా చూపించవచ్చని కూడా చెప్పాను. నాగార్జునసాగర్‌లో 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనం ఉంది, 274 ఎకరాలు, నడవడానికి, విడివిడిగా కూర్చోవడానికి ఎంత చోటైనా ఉంటుంది. లాంచీలో నాగార్జునకొండ వెళ్లవచ్చు. అక్కడి మూడో శతాబ్దపు ఇక్ష్వాకు శాసనాలు చదివితే దాతల్లో స్త్రీల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడి పెద్ద స్తూపం మహాచైత్యాన్ని నిలబెట్టింది రాజుగారి సోదరి చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక కట్టించినవి వేరే ఉన్నాయి. రాజులు యాగాలు చేసుకుంటుంటే వీరు స్తూపాలు, విహారాలు కట్టించారు. స్త్రీల బృందాన్ని తీసుకెళ్లడానికి ఇంతకంటే ఏం కావాలి? శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు. కుర్రవయసువారికైతే భువనగిరి కోట ఉంది, ఏకశిల బండను ఎక్కడం నేర్పే శిక్షణ కూడా అక్కడ ఉంది.

మూడు మంచాల గది గురించి ఫిర్యాదు రాస్తే తలా వెయ్యి రూపాయలు తిరిగి పంపారు, వాదించలేదు. అంటే నికరంగా ఎనిమిది వేల ఐదు వందలు పడింది. ఆ ధరకు ఐదులో నాలుగు ఇస్తాను. సాగర్ యాత్ర ఫిబ్రవరిలో పెడుతున్నారట, మేము బయానా కట్టాం. మీరు ఈ నల్లమల యాత్రకే వెళ్లదలిస్తే ఉదయం ఆరింటికే బయలుదేరాలని ముందే పట్టుబట్టండి, విడి గది మాటను రాతలో తీసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు మల్లెల తీర్థం పైనే ఆగిపోవచ్చు. దిగడం ఎలాగో దిగుతారు గాని, మూడు వందలకు పైగా మెట్లు తిరిగి ఎక్కాలి.