జాగ్రత్త: గన్నవరం–శంషాబాద్ ‘32 నిమిషాలే’ అన్న మాట నమ్మి టికెట్లు కొనకండి

గుంటూరు, విజయవాడల నుంచి దుబాయ్ వెళ్లేవాళ్లు, అందులోనూ పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు డబ్బులు కట్టేముందు ఇది చదవండి.

పోయిన జనవరిలో అమ్మను తమ్ముడి దగ్గరికి తీసుకెళ్దామని విజయవాడలో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర టికెట్లు తీసుకున్నాను. గన్నవరం నుంచి శంషాబాద్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి దుబాయ్‌కి వేరే కంపెనీ టికెట్. మొదటిది 7.15కి బయల్దేరి 8.20కి దిగుతుంది. రెండోది 10.05కి. ‘టైమ్ సరిపోతుందా అండీ?’ అంటే ఫోన్ తీసి చూపించాడు: దూరం 264 కిలోమీటర్లు, ప్రయాణం 32 నిమిషాలు. ‘టికెట్ మీద ఊరికే ఎక్కువ వేస్తారు సార్, మీరు ఎనిమిదికల్లా దిగిపోతారు’ అన్నాడు. బెంజి సర్కిల్ దాటడానికే అంతసేపు పడుతుంది కదా అని ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

ఆ 264 తప్పేం కాదు, మ్యాపు మీద సూటిగా గీత గీస్తే వచ్చే దూరం. 32 నిమిషాలే మోసం. ఏటీఆర్ అనే చిన్న విమానం మొదటి నుంచి చివరిదాకా గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతే వచ్చే లెక్క అది. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, పైకెక్కడం, శంషాబాద్‌లో దిగడానికి వంతు కోసం ఆగడం, ఇవేవీ అందులో ఉండవు. టికెట్ మీదున్న గంటా ఐదు నిమిషాలే అసలు లెక్క.

ఆ పొద్దున గన్నవరంలో పొగమంచు. జనవరిలో అక్కడ మంచు కొత్తేమీ కాదు, అది నాకు తట్టాల్సింది. దిగేసరికి 8.45. రెండు వేర్వేరు పీఎన్‌ఆర్‌లు (బుకింగ్ నంబర్లు) కాబట్టి సామాను నేరుగా దుబాయ్ పోదు. బెల్టు దగ్గర నిలబడి గోంగూర పచ్చడి అట్టపెట్టె కోసం చూస్తుంటే అందరి సూట్‌కేసులూ వస్తున్నాయి గానీ అది రాదు. అమ్మ మోకాళ్ల నొప్పులతో పైకి డిపార్చర్స్‌కి వెళ్లేసరికి 9.20. విమానానికి గంట ముందే, అంటే 9.05కే, కౌంటర్ మూసేశారు. ‘మీ మొదటి ఫ్లైట్‌తో మాకు సంబంధం లేదు సార్’ అన్నారు. రూలు ప్రకారం వాళ్ల మాటా నిజమే. ఒకే పీఎన్‌ఆర్ అయితే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత కంపెనీదే. మాకు పన్నుల డబ్బులు మాత్రం వెనక్కొచ్చాయి, టికెట్లు మళ్లీ కొన్నాం.

సామాను దగ్గర ఇంకో దెబ్బ. దుబాయ్ టికెట్లో మనిషికి 30 కిలోలు, గన్నవరం టికెట్లో 15. మిగతాదానికి గన్నవరంలోనే డబ్బు కట్టించుకున్నారు.

ఏజెంట్ రాసిచ్చిన కాగితంలో దుబాయ్ ప్రయాణం ‘రెండున్నర గంటలు’ అని ఉంది. 10.05కి ఎక్కి 12.35కి దిగుతారని టికెట్లో చూసి తీసివేశాడన్నమాట. టికెట్లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, అసలు ప్రయాణం నాలుగు గంటలు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ తేడా చిన్నదేం కాదు.

ఇలా రెండు టికెట్లు కలిపి అమ్ముతుంటే ‘ఒకే పీఎన్‌ఆరేనా, సామాను చివరిదాకా పోతుందా’ అని వాట్సాప్‌లో రాయించుకోండి. కుదరదంటే మధ్యలో కనీసం ఐదు గంటలు పెట్టుకోండి.

ఏజెంట్‌కి ఫోన్ చేస్తే ‘మీరు కొంచెం త్వరగా నడవాల్సింది సార్’ అన్నాడు. పక్కనే కూర్చున్న అమ్మ, ‘గుంటూరులో రాత్రి బస్సెక్కినా ఈపాటికి ఇక్కడే ఉండేవాళ్లం కదరా’ అంది.