రాళ్ల బాట మీద ఆడవాళ్ల సైకిల్ పందేలు: ఫ్లాండర్సా, రూబేనా?

మా మేనకోడలు ఈ మధ్యే రోడ్ సైకిల్ కొనుక్కుంది. "అత్తా, ఆడవాళ్ల రేసుల్లో ఒక్కటే చూడాలంటే ఏది చూడను?" అని అడిగింది. వారం, పది రోజులు సాగేవి చూసే ఓపిక లేదట. ఒక్క రోజులో తేలిపోవాలట. అలా అడిగితే నాకు రెండే పేర్లు గుర్తొస్తాయి. ఒకటి బెల్జియంలో జరిగే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, రెండోది ఉత్తర ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-రూబే. రెండూ మామూలుగా ఏప్రిల్‌లోనే, వారం తేడాలో వస్తాయి. రెండింట్లోనూ రాళ్లు పరిచిన పాత దారులే అసలు పరీక్ష. కానీ పరీక్ష పెట్టే తీరు మాత్రం ఒకటి కాదు.

ఫ్లాండర్స్‌లో రాళ్లతో పాటు గుట్టలుంటాయి. కోపెన్‌బర్గ్ పొడవు 600 మీటర్లే, కానీ ఒకచోట వాలు 22 శాతం దాకా పోతుంది. చివర్లో వచ్చే పాటర్‌బర్గ్ ఇంకా పొట్టిది, 360 మీటర్లు. ఆ రాళ్లు ఒక రైతు తన ఇంటి పక్కన కూడా రేసు పోవాలని వేయించుకున్నాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ ఎక్కుడు దగ్గర ఒక ఏప్రిల్‌లో నిలబడి చూశాను. టీవీలో కనిపించేదానికంటే చాలా నిటారుగా ఉంది. సైకిళ్లు మనిషి పరుగెత్తేంత వేగంతో కూడా రాలేదు. నా ముందు నుంచి వెళ్లినప్పుడు చైను కిరకిర, వాళ్ల ఊపిరి, రెండూ వినిపించాయి. ఒకమ్మాయి సీటు మీద నుంచి లేవబోతే వెనక చక్రం జారింది. వెంటనే కూర్చుండిపోయి, పళ్లు బిగించి తొక్కింది. రాళ్ల మీద ఎక్కుడులో లేచి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి పట్టు పోతుంది. ఈ సంగతి ఎన్నోసార్లు చదివాను కానీ, అర్థమైంది మాత్రం ఆ క్షణంలోనే.

రూబే దారిలో గుట్టల్లేవు, నేలంతా బల్లపరుపు. పొలాల మధ్య బండ్ల కోసం వేసిన ఆ దారుల్లో రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, మధ్య మధ్య సందులు. వాటిని బాగు చేసుకుంటూ కాపాడటానికి అక్కడ అభిమానుల సంఘమే ఒకటుంది. రాళ్లున్న ప్రతి ముక్కకూ కష్టాన్ని బట్టి ఒకటి నుంచి అయిదు దాకా చుక్కల (నక్షత్రాల) గుర్తులిస్తారు. మోన్స్-ఆన్-పెవెల్‌కూ కారెఫూర్ ద లార్బ్రకూ అయిదేసి చుక్కలు. 2021లో ఆడవాళ్లకు మొదటిసారి పెట్టినప్పుడు 116 కిలోమీటర్ల దారిలో 29 కిలోమీటర్లు రాళ్లే. ఇక్కడ నెమ్మదిగా పోతే ప్రతి రాయీ తగులుతుంది, వేగంగా పోతే చక్రం కొంత తేలుతూ పోతుంది. అందుకని అలసిపోయిన కొద్దీ దెబ్బలు ఎక్కువవుతాయి. టైర్లలో గాలి తగ్గించుకుంటారు. అయినా పంచర్లు తప్పవు.

ఆ మొదటి రేసులో గెలిచింది ఇంగ్లండ్‌కు చెందిన లిజ్జీ డెయిగ్నన్. ఆ రోజు దారంతా తడి, బురద. జట్టులో తోటివాళ్లకు సాయంగా ముందు ఉండాలని మొదటి రాళ్ల ముక్కలోకి ముందుగా దూరింది. బయటికొచ్చి వెనక్కి చూస్తే దగ్గర్లో ఎవరూ లేరు. ఇంకా 80 కిలోమీటర్లకు పైగా ఉంది. అంత దూరమూ ఒంటరిగా తొక్కి, 1 నిమిషం 17 సెకన్ల తేడాతో గెలిచింది. చేతికి గ్లోవ్స్ లేవు. రేసు అయ్యాక హ్యాండిల్‌కు చుట్టిన తెల్ల టేపు మీద రక్తపు మరకలు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నా అరచేతులు మండినట్టుంటాయి.

న్యాయం సంగతికి వస్తే మాత్రం ఫ్లాండర్సే మేలు. ఆడవాళ్ల ఫ్లాండర్స్ 2004లోనే మొదలైంది. మగవాళ్ల రేసు జరిగే రోజే, అవే గుట్టల మీద, అదే ఔడెనార్డ ఊళ్లో ముగుస్తుంది. 2022 నుంచి బహుమతి డబ్బు కూడా సమానం. రూబే మగవాళ్లకు 1896లో మొదలైతే, ఆడవాళ్లు 125 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. మొదటి ఏడాది డెయిగ్నన్‌కు ఇచ్చిన బహుమతి 1,535 యూరోలు. అదే రేసు గెలిచిన మగవాడికి 30,000. ఇది చదివి ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. పైగా మగవాళ్ల రేసులో పేరుమోసిన ఆరెన్‌బర్గ్ అడవి దారి 2025లో కూడా ఆడవాళ్ల దారిలో లేదు. మొదలైన చోటికి మరీ దగ్గరని, గుంపంతా ఒక్కసారిగా దూసుకొస్తే ప్రమాదమని కారణం చెప్పారు. ఆ కారణంలో నిజముంది. ఆరెన్‌బర్గ్ ఆలస్యంగా వచ్చేలా దారినే ఇంకో ఊరి నుంచి మొదలుపెట్టొచ్చు కదా అన్నదే నా ప్రశ్న.

కొత్తగా చూసేవాళ్లకు అర్థం కావడంలో కూడా ఫ్లాండర్స్‌దే పైచేయి. చివర్లో క్వారెమోంట్ గుట్ట, పాటర్‌బర్గ్ ఎక్కుతుంటే ఎవరి కాళ్లలో సత్తువ ఉందో కళ్లెదుటే తేలిపోతుంది. ఆ తర్వాత 13 కిలోమీటర్లు చదును దారి. మిగిలిన ముగ్గురో నలుగురో ఒకరినొకరు చూసుకుంటూ పోతారు. బెల్జియం అమ్మాయి లోటె కోపెకి అక్కడ మూడుసార్లు గెలిచింది, 2022, 2023, 2025లో. సొంత ఊళ్ల మధ్య ఆమె వస్తుంటే పక్కనున్న జనం అరుపులు వినాలి.

మరి రూబే? అక్కడ బలమున్నవాళ్లే గెలుస్తారన్న హామీ లేదు. 2023లో ముందే విడిపోయిన చిన్న గుంపును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వెనక పెద్ద పేర్లున్న గుంపులో ఒకరు జారితే చాలామంది పడ్డారు. చివరికి రేసు ముగిసే వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల ట్రాక్) కొన్ని సెకన్ల తేడాతో ముందు గుంపే నిలిచింది. కెనడాకు చెందిన అలిసన్ జాక్సన్ చివరి గీత దగ్గర వేగపు పోటీలో (స్ప్రింట్) గెలిచి అక్కడే డాన్స్ చేసింది. ఇంకో ముచ్చట. 2025 ఏప్రిల్ 6న ఫ్లాండర్స్‌లో కోపెకి వెనక రెండోదిగా వచ్చిన పొలీన్ ఫెరాన్-ప్రెవో, ఆరు రోజులకే రూబేలో అందర్నీ వదిలేసి ఒంటరిగా వెలోడ్రోమ్‌లోకి వచ్చింది. సన్నటి మనిషి, అంతకుముందు ఏడాదే మౌంటెన్ బైక్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. బరువున్నవాళ్లకే రూబే అనే మాట ఆ రోజుతో నా దగ్గర చెల్లలేదు.

గెలిచినవాళ్లకు అక్కడ ఇచ్చేది నిజంగానే ఒక రాయి. ఆ దారిలో పరిచే రాయి లాంటిదే, పీఠం మీద నిలబెట్టి ఇస్తారు.

కాబట్టి మేనకోడలికి ఇలా చెప్పాను. రేసు ఎలా నడుస్తుందో నేర్చుకోవాలంటే ఫ్లాండర్స్ చూడు. ఆడవాళ్లను సమానంగా చూసే చోటుకే నా ఓటు అంటే అప్పుడూ ఫ్లాండర్సే. కానీ నువ్వు అడిగింది ఒక్కటి. సొంతంగా సైకిల్ తొక్కుతున్నావు, గతుకుల రోడ్డు మీద మణికట్టు దాకా వచ్చే ఆ అదురు నీకు తెలుసు. నీకు రూబే. ముగింపుకు 17 కిలోమీటర్ల ముందు కారెఫూర్ ద లార్బ్ర వస్తుంది. అప్పుడు ఎవరు ముందున్నారని చూడకు, వాళ్లు హ్యాండిల్‌ను ఎలా పట్టుకున్నారో చూడు.