పెంచుకోవడమా, తెచ్చుకోవడమా: లెష్నో, లుబ్లిన్ దారుల్లో ఏది మేలు?

పోలండ్ స్పీడ్‌వే (మట్టి ట్రాకు మీద మోటారుసైకిళ్ల పందెం) లీగులో ఒక క్లబ్బు ఎలాంటిదో తెలుసుకోవాలంటే మ్యాచ్‌లోని 15 హీట్లూ (విడి పందేలు) చూడనక్కరలేదు, రెండవ హీటు చూస్తే చాలు. అది జూనియర్లది. ఒక్కో జట్టు నుంచి ఇద్దరేసి, 21 ఏళ్లు దాటని నలుగురు కుర్రవాళ్లు, బ్రేకులు లేని 500 సీసీ బైకుల మీద వరుసగా నిలబడతారు. అడ్డంగా కట్టిన టేపు పైకి లేవగానే, ఎడమ బూటుకు తొడిగిన ఇనుప తొడుగును మట్టికి రాస్తూ, వెనుక చక్రాన్ని పక్కకు జార్చుతూ నాలుగు చుట్లు తిరుగుతారు. ముందు వచ్చినవాడికి 3 పాయింట్లు, తరువాతివారికి 2, 1, చివరివాడికి సున్నా. అంతా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఆ పిల్లలు ఎక్కడివారన్నదే ఇక్కడి ప్రశ్న.

1938లో పుట్టిన లెష్నో క్లబ్బు (నేటి ఉనియా) మొదటి నుంచీ సొంత పిల్లలను తయారు చేసుకోవడంలో పేరు మోసింది. జాతీయ జట్టు టైటిల్‌ను 18 సార్లు గెలిచింది. ఇన్ని మరే క్లబ్బుకూ లేవు. 1949 నుంచి 1954 వరకు వరుసగా ఆరు సార్లు గెలిచిన ఆ తొలి వైభవానికి నాంది పలికిన ఆల్ఫ్రెద్ స్మోచిక్, 1949లో వ్యక్తిగత జాతీయ విజేత అయ్యి, మరుసటి సంవత్సరమే రోడ్డు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు కూడా నిండలేదు. స్టేడియానికి నేటికీ అతని పేరే. 2017 నుంచి 2020 వరకు వరుసగా నాలుగు టైటిళ్లు వచ్చినప్పుడు కూడా, మొదటి మూడింటిలో జూనియర్ హీటులో స్మెక్తావా, కుబెరా అనే ఇద్దరు లెష్నో శిష్యులు పాయింట్లు కూడబెట్టి పెట్టేవారు. అలాగని ఆ క్లబ్బు పూర్తిగా ఇంటి పంట మీదే బతికిందనడం సరికాదు: 2007లో, 2010లో ఆస్ట్రేలియాకు చెందిన లీ ఆడమ్స్ ఉన్నాడు, ఆ తరువాత రష్యా నుంచి వచ్చిన సయ్‌ఫుద్దీనొవ్ ఉన్నాడు.

లుబ్లిన్ క్లబ్బు మోటోర్‌ది పొరుగింటి పుల్లకూర దారి. 1990లో, అప్పటికే మూడుసార్లు ప్రపంచ విజేత అయిన డెన్మార్క్ రైడర్ హన్స్ నీల్సన్‌ను తెచ్చుకుని, మరుసటి ఏడాది లీగులో రెండవ స్థానం పొందింది. తరువాత చాలాకాలం కింది అంతస్తుల్లో గడిపి, 2017లో మూడవ శ్రేణి నుంచి మళ్లీ ఎక్కడం మొదలుపెట్టి, 2019కి పై లీగు చేరింది. 2022, 2023, 2024లలో టైటిల్ దానిదే. 2022 ఫైనల్లో గోజుఫ్ క్లబ్బు తరఫున ఆడి ఓడిన ప్రపంచ విజేత జ్మార్జ్లిక్ మరుసటి సీజనుకు లుబ్లిన్ జెర్సీలో కనిపించాడు. ప్రపంచ జూనియర్ టైటిల్‌ను రెండుసార్లు గెలిచిన చెర్ణ్యాక్ కూడా తార్నుఫ్‌లో ఎదిగి ఇక్కడికి వచ్చినవాడే. లెష్నో కుబెరా 2021లోనే వచ్చేశాడు.

తప్పు పట్టడానికి మనసు రాదు. 1991 నాటి రజతాన్ని తలచుకుంటూ మూడు దశాబ్దాలు ఎదురుచూసిన ఊరికి, రైడరు ఎక్కడ బండి నేర్చుకున్నాడన్నది పట్టింపు కాదు. ఫలితం త్వరగా కావాలంటే తెచ్చుకోవడమే మేలు. లెష్నో లుబ్లిన్‌తో పోలిస్తే చాలా చిన్న ఊరు. పెంచిన పిల్లవాడు 21 దాటాక పెద్ద ఒప్పందం వైపు చూస్తే ఆపడం కష్టం. 2024లో ఆ నష్టం బట్టబయలైంది: కుబెరా లుబ్లిన్‌తో మూడవ టైటిల్ అందుకున్న ఏడాదే, అతణ్ని తీర్చిదిద్దిన లెష్నో లీగులో అడుగున నిలిచి కిందికి జారిపోయింది.

అయినా నా ఓటు లెష్నోకే. తెచ్చుకునే క్లబ్బుకు ఎక్కడో ఒకచోట పెంచే క్లబ్బు ఉండాలి. పెంచే క్లబ్బుకు తెచ్చుకునేవాడితో పనిలేదు. పైగా ఒక్క రైడరు వెళ్లిపోతే కూలిపోయే జట్టుకూ, వెనకాల పదహారేళ్లవాళ్లు మట్టి ట్రాకు మీద తిరుగుతూ ఉన్న జట్టుకూ ఉన్న తేడా, పడిపోయిన తరువాతి ఏడాదిలోనే తెలుస్తుంది. 2025లో లుబ్లిన్ ఫైనల్లో తోరున్ క్లబ్బు చేతిలో ఓడింది. లెష్నో రెండవ శ్రేణిని గెలిచి, ఒక్క సీజనులోనే పై లీగుకు తిరిగి వచ్చింది.