చికాగో నుంచి ఎల్లోస్టోన్‌కు: ఆరు టైర్లు, ఒక జాకీ రాడ్డు

మాది 28 అడుగుల పాత మోటర్‌హోమ్, అంటే పడకలు, వంటగది ఉన్న ఇల్లు లాంటి బండి; ఫోర్డ్ ఈ-450 ఛాసీ మీద కట్టిన 2012 నాటి బండి. కొన్న రెండేళ్లలో విస్కాన్సిన్ సరస్సుల దాకా తప్ప ఎటూ తీసుకెళ్లని దానిని, తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో, పోవడానికే దాదాపు 1,400 మైళ్లున్న ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు నడపాలని నిశ్చయించుకొన్నాను. బయలుదేరే ముందు చూడవలసిన చోట్ల జాబితా ఒకటి, బండిలో ఏది చెడితే ఎవరిని పిలవాలన్న జాబితా ఒకటి రాసుకొంటే, రెండోదే పొడుగ్గా తేలింది. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు డ్రైవరుగా చేసిన నాన్న ఆ రెండో కాగితం చదివి, ఏమీ అనకుండా మడిచి నా చేతికిచ్చారు.

ఇటువంటి బళ్ల టైర్లు అరిగిపోవడం కన్నా ముందే ముసలివైపోతాయి. టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాల వరుస చివర ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి; మా వాటి మీద 3514 అని ఉంది. గ్రిప్పు కొత్తదానిలా ఉన్నా ఆరింటినీ మార్పించాను. వెనక జంట చక్రాలలో లోపలి దానికి గాలి కొట్టడం కష్టమని, అడక్కుండానే షాపువాళ్లు పొడుగు వాల్వు గొట్టాలు తగిలించి ఇచ్చారు. గాలి ఒత్తిడి చూపే సెన్సర్లు మాత్రం నేను బయటికి కనబడే నాలుగు చక్రాలకే కొన్నాను. లోపలి రెండింటినీ లెక్కలో వేసుకోకపోవడం పూర్తిగా నా తప్పే.

దక్షిణ డకోటాలో ఐ-90 రహదారి మిస్సోరి నదిని దాటే చోట, చాంబర్లేన్ దగ్గర ఒక విశ్రాంతి స్థలం ఉంది. 2016లో నిలిపిన, యాభై అడుగుల ఎత్తున నక్షత్రాల దుప్పటి కప్పుకొన్న ఆదివాసీ స్త్రీ విగ్రహం అక్కడే ఉంది. మేమందరం ఫొటోలు తీసుకొంటూ ఉండగా నాన్న జాకీ రాడ్డు పట్టుకొని, డిపోలో బస్సు తీసే ముందు చేసినట్లే, ఒక్కో టైరునూ కొడుతూ బండి చుట్టూ తిరిగారు. అయిదు టైర్లు గట్టిగా మోగాయి. కుడివైపు వెనక లోపలిది మాత్రం తడి బస్తాను కొట్టినట్లు చప్పగా పలికింది. ఎనభై ఉండవలసిన ఒత్తిడి ముప్ఫైకి పడిపోయింది, కారణం ఆ పొడుగు గొట్టం జాయింటు. జంటలో ఒకటి చప్పబడినా బండి వంగదు, నడకలో తేడా తెలియదు. బరువంతా మోస్తున్న రెండోది వేడెక్కి పేలేదాకా సంగతి బయటపడదు. మా బండికి స్టెప్నీ కూడా లేదు.

ఏడాదికింతని చందా కట్టిన రోడ్డు సహాయ సంస్థకు ఫోను చేస్తే నాలుగు గంటలు పడుతుందన్నారు, పైగా మేము ఏ రాష్ట్రంలో ఉన్నామో మూడుసార్లు అడిగారు. పక్కన ఆగిన పశువుల ట్రక్కు డ్రైవరు ఊళ్లో లారీ టైర్ల షాపు ఉందని చెప్పడంతో, మా చిన్న కంప్రెసరుతో అరగంట గాలి నింపి, నెమ్మదిగా అక్కడికి చేరుకొన్నాము. వాళ్లు ఆ గొట్టాలను పీకి, లోహపు వాల్వులు వేసి, నట్లను టార్క్ రెంచితో బిగించి, వంద మైళ్ల లోపు మళ్లీ ఒకసారి చూసుకొమ్మన్నారు. గంటంబావులో పని అయిపోయింది.

ఆ రోజు నుంచి బసను చూసే నా చూపు మారింది. బాడ్‌లాండ్స్ పార్కులోని సెడార్ పాస్ క్యాంపులో కరెంటు ఉంది, చుట్టూ పొద్దుగుంకే వేళకు రంగులు మారే మట్టి కొండలున్నాయి, గాలి మాత్రం రాత్రంతా బండిని ఊయల ఊపింది. ఇంకో రాత్రి ఉండమన్నా ఉండేవాళ్లమే. ర్యాపిడ్ సిటీ దగ్గర ఈతకొలనుతో సహా అన్ని హంగులూ ఉన్న, ఇలాంటి బళ్లు నిలుపుకొనే ఒక ప్రైవేటు పార్కులో, నట్లు చూడడానికి నేను చక్రం పక్కన కూర్చోగానే, ఇక్కడ రిపేర్లు చేయరాదని మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. రిపేరు కాదు, బిగుతు చూస్తున్నానన్నా వినలేదు. కస్టర్ పార్కులోని నీడిల్స్ రోడ్డు సొరంగం వెడల్పు ఎనిమిది అడుగులే కాబట్టి దాని ఊసే ఎత్తలేదు.

బిగ్‌హార్న్ కొండలు దాటడానికి, పది శాతం వాలున్న 14ఏ రోడ్డును వదిలి, 16వ నంబరు రోడ్డు పట్టాము. పౌడర్ రివర్ కనుమ 9,666 అడుగుల ఎత్తులో ఉంది. ఎక్కేటప్పుడు 6.8 లీటర్ల ఇంజను రొద విని నేను హడలిపోయాను కానీ, పలచని గాలిలో ఇంజను శక్తి తగ్గడం, కింది గేరులో గట్టిగా అరవడం సహజమే. భయపడవలసింది దిగేటప్పుడు. టెన్‌స్లీప్ లోయలోకి దిగుతూ అయిదు నిమిషాల్లో నాలుగుసార్లు బ్రేకు తొక్కేసరికి మాడు వాసన వచ్చింది. బండి పక్కకు ఆపించి, చక్రాల వేడి తగ్గేదాకా నాన్న కదలనివ్వలేదు. “ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలిరా. శ్రీశైలం ఘాటయినా అంతే, ఇదయినా అంతే” అన్నారు. వాలులో గేరుతోనే వేగాన్ని పట్టి ఉంచే టో-హాల్ మీట నొక్కి, రెండో గేరులో, పెడల్ మీద కాలు పెట్టీ పెట్టకుండా మిగిలిన వాలంతా దిగాము. వెనక కార్లు బారులు తీరితే, చోటు దొరికినప్పుడల్లా పక్కకు తప్పుకొన్నాము.

కోడీ ఊళ్లో ఉన్న రెండు రాత్రులే ఈ యాత్రలో నాకు నచ్చిన బస. బళ్లు నిలిపే పార్కులో పచ్చిక లేదు, పక్కబండి వాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి. కానీ నేల సమతలం, విడిభాగాల దుకాణం నడిచి వెళ్లేంత దూరం, బండి దగ్గరకే వచ్చే మెకానిక్ ఫోను నంబరు ఆఫీసులోనే ఇస్తారు. గ్యాసు మీద సరిగా చల్లబడని మా ఫ్రిజ్‌ను ఆయన గంటలో బాగుచేశాడు. పొగగొట్టంలోని తుప్పు రాలి బర్నరు మీద పడిందట. గంటకు 140 డాలర్లు తీసుకొన్నా, రాలిన తుప్పును నా అరచేతిలో పోసి చూపించి, మరుసటిసారి నేనే ఎలా దులుపుకోవాలో నేర్పాడు. అమ్మకు మాత్రం పెరుగు దక్కినందుకే సంతోషం.

ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర దిగాము. ఎలుగుబంట్ల భయం వల్ల అక్కడ గుడారాలను అనుమతించరు, గట్టి గోడలున్న బళ్లకే చోటు. నీరు, కరెంటు, మురుగు కలుపుకొనే వీలున్నందుకు నాలుగు రోజులు బండి సంగతి మరిచిపోగలిగాము. ఆ ఎత్తులో జనరేటరు ముక్కుతూ నడిస్తే, ఎత్తుకు తగినట్లు తిప్పే మీట దాని మీదే ఉంటుందని చెప్పి, మా పక్కబండి పెద్దాయన సరిచేసిపెట్టాడు.

తిరుగు దారిలో మళ్లీ కనుమ ఎక్కకుండా, కోడీ నుంచి ఉత్తరంగా బిల్లింగ్స్ చేరి, కొండల అంచున సాగే ఐ-90 పట్టుకొన్నాము. దూరం ఎక్కువ, గ్యాలనుకు ఏడెనిమిది మైళ్లిచ్చే బండికి పెట్రోలు ఖర్చూ ఎక్కువే. షెరిడాన్‌లో ఆగినప్పుడు రాడ్డు నా చేతికిచ్చి నాన్న దూరంగా నిలబడ్డారు. నేను టైర్లు కొడుతుంటే అమ్మ మెట్టు మీద కూర్చొని లెక్కపెట్టి, “ఆరూ మోగాయి, ఎక్కండి” అంది.