రన్నింగ్ ఫైనాన్స్ మీద లారీ కొంటున్న డ్రైవర్లు జాగ్రత్త

జీతానికి తోలింది చాలు, సెకండ్ హ్యాండ్ లారీ ఒకటి రన్నింగ్ ఫైనాన్స్ మీద, అంటే లోన్ పాత ఓనర్ పేరు మీదే ఉంచి మిగిలిన కంతులు మనం కట్టుకునే పద్ధతిలో, తీసుకుందాం అనుకుంటున్న డ్రైవర్ అన్నలకు, తమ్ముళ్లకు ఈ హెచ్చరిక. కంతులన్నీ కట్టేసినా బండి మన పేరు మీదకి రాకపోవచ్చు. నాకు రాలేదు. కేసు నడుస్తోంది కాబట్టి బ్రోకర్ పేరు, ఫైనాన్స్ కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం ఉండదు, ఈ పద్ధతిలో బండ్లు అమ్మేవాళ్లు ఆటోనగర్‌లో అడుగడుగునా ఉన్నారు.

ఏళ్ల తరబడి గుంటూరు, విజయవాడ నుంచి చెన్నై, కలకత్తా లైన్లు తోలాను. జీతం, బత్తా కలిపితే నెలకు 30 వేలు అటూఇటూ. పిల్లల ఫీజులు పెరిగాక అది చాలక వేరే దారులు చూశాను. గ్యాస్, పెట్రోల్ ట్యాంకర్లకు మారొచ్చు. దానికి 3 రోజుల శిక్షణ తీసుకుని లైసెన్స్ మీద ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి, మూడేళ్లకోసారి మళ్లీ రెన్యువల్. కృష్ణపట్నం పోర్టులో ట్రెయిలర్ తోలొచ్చు, కాకపోతే లోడు కోసం క్యూలో రోజులు పోతాయి. గల్ఫ్‌కి ఇంట్లో ఒప్పుకోలేదు. ఇక మిగిలింది సొంత బండి. డ్రైవర్‌కి సొంత బండి చూపిస్తే మిగతావేవీ కళ్లకు ఆనవు. బ్రోకర్లు బతికేదే దాని మీద.

నాకు చూపించింది 2018 మోడల్, 10 టైర్ల బండి. చేతికి మూడున్నర లక్షలు ఇవ్వాలి, మిగిలిన కంతులు పాత ఓనర్ పేరు మీదే నేను కట్టుకుంటూ పోవాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు, నోటరీ ముద్ర, పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, ఫారం 30 మీద పాత ఓనర్ సంతకాలు. "ఫైనాన్స్ తీరగానే ఎన్‌ఓసీ (బాకీ లేదని కంపెనీ ఇచ్చే కాగితం) వస్తుంది, ఆర్టీఓ ఆఫీసులో పేరు మార్చుకోవడమే అన్నా" అన్నాడు బ్రోకర్.

చూసుకోవాల్సినవన్నీ చూసుకున్నాను. బండ్ల వివరాలుండే సర్కారు వెబ్‌సైట్ పరివాహన్‌లో నంబర్ కొడితే ఫిట్‌నెస్, టాక్స్, పర్మిట్, ఇన్సూరెన్స్ అన్నీ లైవ్‌లో ఉన్నాయి. చలాన్లు లేవు. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి, సీ-బుక్‌తో (బండి ఆర్‌సీతో) ఒక్కో అంకె సరిచూశాను. ఫైనాన్స్ ఆఫీసుకు పోయి ఆ బండి లోన్ స్టేట్‌మెంట్ కూడా తీయించాను. ఒక్క కంతు కూడా బకాయి లేదు. నేను కొన్నాక కూడా ఒక్కటీ తప్పలేదు.

తేడా బండిలో లేదు, పాత ఓనర్ దగ్గర ఉంది. అదే కంపెనీలో వాళ్ల బావమరిది ట్రెయిలర్ కొంటే దానికి ఈయన గ్యారంటీ సంతకం పెట్టాడు. ఆ ట్రెయిలర్ కంతులు ఆగిపోయాయి. లోన్ అగ్రిమెంటులో సన్న అక్షరాల్లో ఒక క్లాజు ఉంటుంది: ఈ కస్టమర్‌కి మా దగ్గర ఏ లోన్ మీద బాకీ ఉన్నా, గ్యారంటీ సంతకం పెట్టిందైనా సరే, అది తీరేదాకా ఈ బండి మీద మా హక్కు పోదు అని. అది బండి స్టేట్‌మెంట్‌లో కనపడదు, పరివాహన్‌లోనూ కనపడదు.

చివరి కంతు కట్టి ఎన్‌ఓసీ అడిగితే "సిస్టమ్‌లో హోల్డ్ చూపిస్తోంది" అన్నారు. ఎందుకో చెప్పరు. తర్వాత రండి, మేనేజర్ లేరు, హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టాం అని తిప్పారు. బండి ఊరికే పెట్టుకుంటే పొట్ట గడవదు కాబట్టి తోలుతూనే ఉన్నాను. గుంటూరు యార్డు నుంచి మిర్చి బస్తాలు ఎత్తుకుని చెన్నై పోతుంటే టంగుటూరు టోల్ దాటగానే సీజింగ్ వాళ్లు, అంటే బాకీ ఉన్న బండ్లను ఫైనాన్స్ కంపెనీ తరఫున పట్టుకుపోయేవాళ్లు, బండికి అడ్డం పెట్టారు. రసీదుల కట్ట మొత్తం చూపించాను. వాళ్లలో ఒకడు నింపాదిగా తిరగేసి, "ఇవన్నీ సరే అన్నా, ట్రెయిలర్ బాకీ ఎవరు కడతారు?" అన్నాడు. నాకు అసలు విషయం తెలిసింది అప్పుడే. లోడు ఇంకో లారీకి మార్చిన కూలీ, ఆ లారీ కిరాయి, సరుకు పార్టీకి ఆలస్యమైనందుకు కిరాయిలో కోత, అన్నీ నా నెత్తినే పడ్డాయి.

పోలీసులు సివిల్ మ్యాటర్ అన్నారు. ఫైనాన్స్ కంపెనీల మీద రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు, కానీ ఫిర్యాదు చేయాల్సింది కస్టమర్. రికార్డులో కస్టమర్ నేను కాదు. వేలం నోటీసు పాత ఓనర్ ఇంటికి పోతుంది. ఇన్సూరెన్స్ ఆయన పేరు మీదే కాబట్టి మధ్యలో బండికి ఏమన్నా అయ్యుంటే క్లెయిమ్ డబ్బులూ ఆయనకే. అన్నిటికంటే మండేది ఏంటంటే, ఇన్నాళ్లు కంతులు తప్పకుండా కట్టిన మంచి పేరు ఆయన సిబిల్‌లో (అప్పుల చెల్లింపు రికార్డులో) చేరింది. నా సిబిల్ ఖాళీగా ఉంది. లాయర్ చెప్పేదాని ప్రకారం ఆ స్టాంపు పేపరు నాకూ పాత ఓనర్‌కీ మధ్య మాత్రమే చెల్లుతుంది, ఫైనాన్స్ కంపెనీకి దాంతో సంబంధం లేదు. డబ్బు కోసం ఆయన మీదే దావా వేశాను.

పోనీ చేతిలో ఉన్నన్నాళ్లు బండి బాగా సంపాదించిందా అంటే, ఆ లెక్క కూడా చెప్పాలి. బ్రోకర్ లోడు స్లిప్పు వెనకాల రాసిచ్చిన లెక్క ఇప్పటికీ నా దగ్గరుంది. కిరాయిలోంచి డీజిల్, టోలు, కంతు తీసేసి మిగిలింది లాభం అని గీత గీశాడు. "నువ్వే తోలుకుంటావు, డ్రైవర్ జీతం మిగులు" అని కింద ఇంకో 30 వేలు కలిపాడు. అంటే నా జీతాన్నే నాకు లాభం కింద చూపించాడు. టైర్ల ఊసే లేదు. 10 టైర్లు, ఒక్కోటి 20 వేలు వేసుకున్నా 2 లక్షలు. 80 వేల కిలోమీటర్లు వస్తాయనుకుంటే కిలోమీటరుకి రెండున్నర రూపాయలు, నెలకు 7,000 కిలోమీటర్లు తిరిగితే 17,500. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే, 20 నుంచి 40 టన్నుల బండికి 2022లో పెట్టిన రేటు ప్రకారం ఏడాదికి 43,950, పైన జీఎస్టీ. నేషనల్ పర్మిట్‌కి ఏటా 16,500. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ రెండేళ్లకు కాదు, ఏటా చేయించాలి. ఇవేవీ ఆ స్లిప్పులో లేవు. కలకత్తాలో రిటర్న్ లోడు దొరక్క పడుకున్న రోజులు, సరుకు దింపిన కాగితాలు చేరాక కూడా నెలల తరబడి ఆపేసే కిరాయి బ్యాలెన్సులు కూడా లేవు. ఓవర్‌లోడ్ వేసి లాగుదాం అంటే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దొరికితే 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకి 2 వేలు. రెండు వైపులా లోడు దొరికిన నెలల్లో నాకు పాత జీతం కంటే కొంచెం ఎక్కువ మిగిలింది. మిగతా నెలల్లో తక్కువే.

సొంత బండి వద్దని నేను చెప్పను. కొనేటట్లయితే లోన్ మీ పేరు మీద ఉండాలి. సెకండ్ హ్యాండ్ బండికి వడ్డీ ఎక్కువే వేస్తారు, గ్యారంటీ అడుగుతారు, తిప్పుతారు. అయినా అదే నయం. పాత లోన్ క్లోజ్ చేయించి, ఫారం 35 మీద ఫైనాన్స్ కంపెనీ సంతకం, ముద్ర తీసుకుని, సీ-బుక్‌లో హైపోథికేషన్ (బండి తాకట్టులో ఉందనే నమోదు) ఎగిరిపోయాకే పెద్ద మొత్తం చేతులు మారాలి. అప్పటిదాకా టోకెన్ అడ్వాన్స్ మించి ఇవ్వొద్దు. ఫైనాన్స్ ఆఫీసులో బండి నంబర్ మీద కాదు, కస్టమర్ పేరు మీద స్టేట్‌మెంట్ అడగండి. ఆయన తీసుకున్న లోన్లు, గ్యారంటీ సంతకం పెట్టినవి అన్నీ అందులో రావాలి. ఓనర్ కూడా వెంట ఉంటేనే ఇస్తారు. ఓనర్ రానంటే బేరం అక్కడే ఆపేయండి. నోటిమాట ఎవరిదీ నమ్మొద్దు, లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. అగ్రిమెంటు రాసిచ్చాం కదా, బండితో మాకు పని లేదు అనుకోవద్దు. పేరు మారకముందు యాక్సిడెంట్ అయితే పరిహారం కట్టాల్సింది రికార్డులో ఉన్న ఓనరే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మధ్యలో బండి ఎన్ని చేతులు మారినా అంతే.

ఇప్పుడు మళ్లీ జీతానికే తోలుతున్నాను, ట్యాంకర్ శిక్షణకు పేరు ఇచ్చాను. మొన్న నాతో పనిచేసే తమ్ముడొకడికి అదే బ్రోకర్ 12 టైర్ల బండి చూపించాడట, అదే స్టాంపు పేపరు, అదే మాటలు. ఓనర్‌ని వెంటబెట్టుకుని పోయి కస్టమర్ పేరు మీద మొత్తం స్టేట్‌మెంట్ తీయిద్దాం అని అడగమన్నాను. అడిగిన దగ్గర్నుంచి బ్రోకర్ వాడి ఫోన్ ఎత్తడం లేదు.