ఆరు సీజన్ల తర్వాత నా క్రాస్‌బో: క్రాంక్ బంగారమే, కానీ నవంబరు మిగలాలి

ఈ క్రాస్‌బో (తుపాకీలా భుజానికి ఆనించి, ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లు) 2019లో కొన్నాను. 2025 జనవరితో ఆరు సీజన్లు నిండాయి. వేగమెంత, స్కోప్ ఎలాంటిది అన్నవి పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నదంతా దాని వెనక అమర్చిన క్రాంక్ గురించే, అంటే పిడి తిప్పి తాడు బిగించే మర గురించే.

2017లో నా కుడి భుజానికి ఆపరేషన్ అయింది. అంతకుముందు 60 పౌండ్ల బలంతో లాగాల్సిన కాంపౌండ్ విల్లు (చేత్తో లాగేదే, కొనల్లో గిలకలుంటాయి) వాడేవాణ్ణి. ఆ తర్వాత రెండు సీజన్లు విల్లు గోడకే వేలాడింది, నేను కిటికీలోంచి ఆకులు రాలడం చూస్తూ కూర్చున్నాను. ఈ క్రాంక్ వచ్చాక మళ్లీ అడవిలో అడుగుపెట్టాను. పిడి తిప్పుతుంటే గిలక మీద చేంతాడు వచ్చినట్టు అల్లెతాడు నిదానంగా వెనక్కి వస్తుంది. ఎడమచెయ్యి చాలు. చప్పుడు ఉండదు. వేట కాకపోతే అదే పిడిని వెనక్కి తిప్పి తాడును మెల్లగా దించుకోవచ్చు. పాతరకం వాటిలో తాడు దించాలంటే ఒక బాణాన్ని నేలలోకి వదలాల్సి వచ్చేది. మొదటి ఏడాది మంచె దిగి, చీకట్లో పిడి తిప్పి తాడు దించుకున్న ప్రతిసారీ, దీన్ని కనిపెట్టినవాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

నేను ఉండేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో. వేటాడేది పడమటి పక్కన అయోవా కౌంటీ కొండల్లో (అయోవా రాష్ట్రం కాదు, విస్కాన్సిన్‌లోదే). అక్కడ ఒక పాడి రైతు పొలంలో, ఓక్ చెట్ల వరుసకూ మొక్కజొన్న చేనుకూ మధ్య నా మంచె ఉంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడితే జైలే. అందుకని ఈ సంగతులు చదివితే చాలామందికి ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. ఇక్కడి తెల్లతోక జింకల లెక్క వేరు. ఎదిగిన జింకను చంపగల జంతువులు ఈ దక్షిణ కౌంటీల్లో దాదాపు లేవు, మంద పెద్దది. మా ఇంట్లో ఏడాది మాంసం చాలావరకు ఇదే. గోదావరి వైపు వేట మాంసం అంటే మేక మాంసమే. ఇక్కడ మాత్రం మా ఆవిడ ఆ మాటను ఉన్నదున్నట్టుగానే వాడుతుంది. కొవ్వు ఉండదు కాబట్టి కూరకు నూనె కాస్త ఎక్కువ పడుతుంది, కీమాకు మాత్రం తిరుగులేదు. మా కౌంటీలో సీడబ్ల్యూడీ అనే జింకల జబ్బు ఉంది, ఈ రాష్ట్రంలో అది 2002లోనే బయటపడింది. అందుకని తల పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోంచి తియ్యం.

మొదటి సీజన్ అయ్యాక, దీనికి వంక పెట్టడానికేమీ లేదని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి.

2023 నవంబరు రెండో వారం. మగజింకలు ఎదమీద ఉండి, పట్టపగలు కూడా తిరిగే రోజులు. పొద్దున సన్నగా వాన పడింది, మధ్యాహ్నం నుంచి గాలి తిరిగి చలి బిగిసింది. సాయంత్రం మూడు గంటలు మంచె మీద కూర్చున్నాను. రెండు ఆడజింకలు దూరంగా పోయాయి, వాటి వెనక రావలసింది రాలేదు. వేళ ముగిశాక బాణం తీసేసి, క్రాస్‌బోను తాడుతో కిందికి దించి, నేనూ దిగాను. క్రాంక్ కొక్కీ తగిలించి పిడి తిప్పబోతే కదల్లేదు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. పొద్దుటి తడి లోపల ఎక్కడో గడ్డకట్టింది.

విల్లు తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. బాణం లేకుండా తాడు వదిలితే ఆ బలమంతా విల్లు రెక్కల మీదే పడుతుంది. రెక్కలు పగిలి మొహం మీదికి రావచ్చు. క్రాంక్ పట్టు ఇస్తుందో లేదో తెలియకుండా ట్రిగ్గర్ నొక్కలేను. బాణం పెట్టి నేలలోకి కొడదామంటే నేల రాయిలా ఉంది, బాణం ఎటు తుళ్లుతుందో చెప్పలేం. బిగించి ఉన్న విల్లును కారులో వేసుకుని ఇంటికి పోయే ధైర్యం నాకు లేదు. గ్లవ్స్ తీసి క్రాంక్ మీద చేతులు పెట్టి ఊదాను. వేళ్లు మొద్దుబారాయి తప్ప ఏమీ కాలేదు. చివరికి దాని మూతి నేలవైపు పెట్టుకుని, చీకట్లో పొలం గట్టు వెంట పావుగంట నడిచి రైతు ఇంటికి వెళ్లాను.

ఆయనకు డెబ్భై దాటాయి. చేత్తో లాగే విల్లు తప్ప ఇంకోటి ముట్టనివాడు. నన్ను చూడగానే ఏమీ అడక్కుండా పాలు పితికే షెడ్డులోకి తీసుకెళ్లాడు. అక్కడ ఆవుల వెచ్చదనం ఉంటుంది. క్రాస్‌బోను ఒక గుడ్డ మీద పెట్టి, ఇద్దరం దాని పక్కనే కూర్చున్నాం. అరగంటకు క్రాంక్‌లోంచి నీటిచుక్కలు కారాయి. పిడి కదిలింది. దించేద్దామని నేను లేచాను. ఆయన ఒప్పుకోలేదు. "ఒకసారి మొండికేసిన దాన్ని ఈ రాత్రికి నమ్మకు" అని బయట ఉన్న పెద్ద గడ్డిచుట్ట దగ్గరికి తీసుకెళ్లి, పాత బాణం ఒకటి దాంట్లోకి కొట్టించాడు. ఆ బాణం ఇప్పటికీ దొరకలేదు.

ఆ రాత్రే ఆయన అసలు మాట ఎత్తాడు. ఇక్కడ ఏటా ఏప్రిల్‌లో వేట నియమాల మీద ప్రతి కౌంటీలో జనం అభిప్రాయం అడుగుతారు. క్రాస్‌బో సీజన్‌ను కుదించాలన్న ప్రశ్న అందులో ఒకటికి రెండుసార్లు వచ్చింది. అక్టోబరుకు పరిమితం చెయ్యాలని, నవంబరులో తుపాకీ సీజన్‌కు ముందున్న వారాలు తీసెయ్యాలని. ఆ వారాలే ఎద కాలం. "నువ్వంటే నాకేమీ లేదు. కానీ నేను విల్లు లాగాలంటే జింక 15 గజాల్లో నిలబడి ఉండగా కదలాలి. ఆ కదలికకే సగం జింకలు పారిపోతాయి. నువ్వు పొద్దున్నే బిగించుకుని కూర్చుంటావు" అన్నాడు.

అందులో నిజం ఉంది. క్రాస్‌బో తుపాకీ లాంటిదేనని కొందరంటారు, అది తప్పు. 40 గజాలు దాటితే నేను కొట్టను, కొట్టకూడదు కూడా. కానీ ఆ ఒక్క కదలిక నాకు తప్పుతుందన్న మాటను ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా కాదనలేకపోయాను.

నా కోపం ఇంకోచోట ఉంది. 2014కు ముందు ఈ రాష్ట్రంలో క్రాస్‌బో 65 నిండినవాళ్లకూ వికలాంగ అనుమతి ఉన్నవాళ్లకూ మాత్రమే. ఆ తర్వాతే అందరికీ తెరిచారు. విల్లుకైనా క్రాస్‌బోకైనా సీజన్ మొత్తానికి ఒక్క మగజింకే. నేను క్రాస్‌బో పట్టినందుకు నాకు రెండోది రాదు, ఆయనకు దక్కవలసినదాన్ని చట్టం నాకు ఇవ్వదు. తుపాకీ సీజన్ తొమ్మిది రోజుల్లో ఐదు లక్షలకు పైగా మంది అడవిలో దిగుతారు. వాళ్ల జోలికి ఎవరూ పోరు. నా భుజం వికలాంగ అనుమతికి సరిపడేంత చెడలేదని డాక్టరు ముందే చెప్పారు, విల్లు లాగేంత బాగూ లేదు. ఇలా మధ్యలో ఉన్నవాళ్లం ఎంతమందిమో ఆ ప్రశ్న రాసినవాళ్లు ఆలోచించారా? ఈ ఓట్లు సలహా మాత్రమే, తేల్చేది రాష్ట్ర సహజ వనరుల బోర్డు అని నాకు తెలుసు. అయినా ఆ ప్రశ్న వచ్చిన ప్రతి ఏడాదీ, వచ్చే నవంబరు ఉంటుందో లేదో అన్న గుబులుతోనే మంచె బాగుచేసుకుంటున్నాను.

ఇక కొనాలా వద్దా. భుజాలు బాగుండి ముప్పయ్యేళ్లలోపు ఉంటే కాంపౌండ్ విల్లే నేర్చుకోమంటాను. బరువు తక్కువ, చలికి గడ్డకట్టే క్రాంకూ ఉండదు. నాలాంటి భుజం ఉంటే ఈ క్రాంక్‌ను మించింది నాకు కనిపించలేదు. కాకపోతే వానపడ్డ రోజు దాన్ని బయట వదలకండి, సంచీలో ఒక పాత బాణం, కారులో గడ్డి నింపిన గోనె పెట్టుకోండి. 2023 తర్వాత నేను క్రాంక్ విప్పించి ఆరబెట్టి, గ్రీజు మార్పించాను. 2024 సీజన్‌లో ఒక్కసారీ మొండికెయ్యలేదు. ఆ ఏడు చలి అంతగా లేదు మరి, నమ్మకం పూర్తిగా రాలేదు. విస్కాన్సిన్‌లో ఉండి కొత్తది కొనేవాళ్లయితే, ఏప్రిల్ సమావేశాల్లో ఏ ప్రశ్న పెడతారో చూసుకుని కొనండి. నేను మాత్రం దీన్ని అమ్మను.